ఆసనంలో శరీరం తలకిందులైతే ఫ్లెక్షన్, ఎక్స్‌టెన్షన్ కూడా మారిపోతాయా? శరీర కదలికల పేర్ల గురించి సందేహాలు

ప్రశ్న: యోగా శిక్షకురాలు, కూకట్‌పల్లి

అందరికీ నమస్కారం. నేను కూకట్‌పల్లిలోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో యోగా తరగతులు చెబుతున్నాను. వచ్చేవారిలో ఎక్కువ మంది మాదాపూర్, గచ్చిబౌలి వైపు కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగం చేసేవారే కాబట్టి మెడనొప్పో, భుజంనొప్పో, మోకాలినొప్పో లేనివారిని వెతుక్కోవలసి వస్తోంది. ఈ మధ్య కొందరు ఆసుపత్రి నుంచి, ఫిజియోథెరపీ క్లినిక్ నుంచి చీటీలు తెచ్చి నా చేతికిస్తున్నారు. ఏ కదలిక చేయవచ్చో, ఏది చేయకూడదో వాటిలో వైద్యుల పరిభాషలో రాసి ఉంటుంది.

ఉదాహరణకు, ఒక అబ్బాయికి క్రికెట్ ఆడుతూ బంతి కోసం దూకినప్పుడు కుడి గూడ జారింది. కట్టు విప్పి, వ్యాయామాలు చేయించి, ఇక యోగా చేసుకోవచ్చని చెప్పి పంపారు గానీ, చీటీలో ‘అబ్డక్షన్‌తో కూడిన ఎక్స్‌టర్నల్ రొటేషన్ చేయరాదు’ అని రాశారు. అది ఏయే ఆసనాలలో వస్తుందో నేను తేల్చుకోవాలి.

దీనికి తోడు నాకు మౌలికమైన సందేహమే ఒకటి ఉంది. ఫ్లెక్షన్ అంటే ముడవడం, ఎక్స్‌టెన్షన్ అంటే చాపడం అని పుస్తకంలో చదివాను. మోచేయి ముందుకు ముడుచుకుంటుంది, మోకాలు వెనక్కి ముడుచుకుంటుంది, రెండూ ఫ్లెక్షనే అంటారు. చేతిని నిటారుగా ముందుకెత్తితే ఏదీ ముడుచుకోదు, అయినా దాన్నీ ఫ్లెక్షన్ అనే అంటారు. అధోముఖ శ్వానాసనంలోనో, సర్వాంగాసనంలోనో శరీరమే తలకిందులైనప్పుడు ఈ పేర్లు ఏమవుతాయి? బొటనవేలు, పాదం దగ్గరకు వచ్చేసరికి పుస్తకం మరీ అయోమయంగా ఉంది. తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

జవాబు: ఫిజియోథెరపిస్ట్, సికింద్రాబాద్

నమస్తే మేడమ్. మీ రెండో సందేహంతో మొదలుపెడతాను. అది తీరితే చీటీని చదువుకోవడం మీకే వచ్చేస్తుంది.

ఈ పేర్లన్నీ ఒకే ఒక భంగిమలో నిలబడిన మనిషిని మనసులో పెట్టుకుని పెట్టినవి. ఆ మనిషి నిటారుగా నిలబడి, ఎదురుగా చూస్తూ, పాదాలు దగ్గరగా ఉంచి, చేతులు పక్కలకు వేలాడేసి, అరచేతులు ముందువైపుకు తిప్పి ఉంటాడు. దీన్ని అనటామికల్ పొజిషన్ అంటారు. మీ తాడాసనంలో అరచేతులను ముందుకు తిప్పితే అదే. ఆ మనిషిని మంచం మీద పడుకోబెట్టినా, శీర్షాసనంలో నిలబెట్టినా పేర్లు మారవు. నేల ఎటుంది, పైకప్పు ఎటుంది అన్నది లెక్కలోకి రాదు. ఒక కీలు దగ్గర ఒక ఎముక దాని పొరుగు ఎముకను బట్టి ఎటు కదిలిందన్నదే లెక్క. అందుకే ‘చేయి ఫ్లెక్షన్’ అని ఊరికే అంటే అర్థం లేదు. భుజం దగ్గరా, మోచేయి దగ్గరా, మణికట్టు దగ్గరా అన్నది చెబితేనే ఆ మాట పూర్తవుతుంది.

ఆ నిలబడిన మనిషికి మూడు తలాలు ఊహించుకోవాలి. శరీరాన్ని కుడి, ఎడమలుగా విడదీసేది సాజిటల్ తలం. ముందు, వెనుకలుగా విడదీసేది కరోనల్ తలం. పై, కిందలుగా విడదీసేది ట్రాన్స్‌వర్స్ తలం. సాజిటల్ తలంలో ముందుకూ వెనక్కూ జరిగే కదలికలు ఫ్లెక్షన్, ఎక్స్‌టెన్షన్. కరోనల్ తలంలో శరీర మధ్యరేఖ నుంచి దూరంగా జరిగితే అబ్డక్షన్, తిరిగి మధ్యరేఖ వైపు వస్తే అడ్డక్షన్. ఎముక తన పొడవునే ఇరుసుగా చేసుకుని తిరిగితే రొటేషన్; అందులో బయటికి తిరిగేది ఎక్స్‌టర్నల్, లోపలికి తిరిగేది ఇంటర్నల్. వీటిని కలిపి చేయి గుండ్రంగా తిప్పితే సర్కమ్‌డక్షన్. క్రికెట్‌లో బౌలర్ భుజం చేసేది దాదాపు ఇదే.

ఇప్పుడు అధోముఖ శ్వానాసనం చూడండి. చేతులు నేలకు ఆనించి, తుంటి పైకెత్తి ఉన్నా, మొండెంతో పోల్చినప్పుడు చేతులు తలకు ఇరుపక్కలా చాచి ఉన్నాయి. అంటే భుజం పూర్తి ఫ్లెక్షన్‌లో, సుమారు 180 డిగ్రీల దగ్గర ఉంది. నిలబడి రెండు చేతులూ ముందునుంచి పైకెత్తినప్పుడు ఉండే స్థితీ అదే. ఆసనంలో అదనంగా వచ్చేది చేతుల మీద పడే బరువు మాత్రమే. తుంటి ఫ్లెక్షన్‌లో, మోకాలు ఎక్స్‌టెన్షన్‌లో ఉన్నాయి. సర్వాంగాసనంలో మొండెం పైకి లేచినా చేతులు మొండెం వెనక్కి వెళ్లాయి కనుక భుజం ఎక్స్‌టెన్షన్‌లో ఉంది. పశ్చిమోత్తానాసనాన్ని నడుము వంచడం అని మనం అలవాటుగా అంటాం గానీ, సరిగా చేస్తే అందులో పెద్ద వాటా తుంటి ఫ్లెక్షన్‌ది.

ఇక ఆ అబ్బాయి చీటీ. భుజం అబ్డక్షన్ అంటే చేతిని పక్కనుంచి పైకెత్తడం. పూర్తిగా చెవి దగ్గరకు వస్తే 180 డిగ్రీలు. ఇదంతా గూడ కీలు ఒక్కటే చేసే పని కాదు. సుమారు 120 డిగ్రీలు గూడ కీలులోనూ, మిగిలిన 60 డిగ్రీలు వీపు మీద రెక్క ఎముక తిరగడం వల్లనూ వస్తాయి. ఈ రెండింటి మధ్య ఉండే లయను 1944లో ఇన్‌మన్, ఆయన సహచరులు కొలిచి చూపించారు. రెండు డిగ్రీలకు ఒక డిగ్రీ అనే ఆ లెక్కనే మేము ఇప్పటికీ విద్యార్థులకు చెబుతాం. రెక్క ఎముక కదలిక సరిగా లేనివారు చేయి ఎత్తమంటే భుజాన్ని చెవి వైపు ఎగదోస్తారు. మీరు వెనుక నిలబడి చూస్తే ఇది ఇట్టే తెలుస్తుంది.

ఎక్స్‌టర్నల్ రొటేషన్‌ను విడిగా చూడాలంటే మోచేతిని నడుముకు ఆనించి, 90 డిగ్రీలు ముడిచి, ముంజేతిని పక్కకు తెరవమనండి. ముంజేయి ఇక్కడ గడియారం ముల్లులా ఎంత తిరిగిందో చూపిస్తుంది, అంతే; అసలు తిరిగింది దండచేతి ఎముక. భుజం కీలు బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ జబ్బులో ముందుగా, ఎక్కువగా తగ్గిపోయేది కూడా ఈ కదలికే. మధుమేహం ఉన్నవారిలో ఆ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి మీ తరగతిలో అలాంటివారు ఉంటే ఇది ఒకసారి చూసుకోవడం మంచిది.

అబ్డక్షన్, ఎక్స్‌టర్నల్ రొటేషన్ రెండూ కలిస్తే, చేయి పక్కకు భుజం ఎత్తున ఉండి, మోచేయి ముడిచి, అరచేయి ముందుకు చూస్తూ ముంజేయి పైకి నిలబడుతుంది. బంతి విసరబోయే ముందు చేయి ఉండే స్థితి ఇది. గూడ జారడాలలో అత్యధికం ముందువైపుకే జారతాయి, వాటిలో ఎక్కువ భాగం చేయి ఈ స్థితిలో ఉండగా వెనక్కి లాగబడినప్పుడే జరుగుతాయి. మెట్రోలో పైన వేలాడే పట్టీని పట్టుకుని నిలబడినప్పుడు రైలు ఒక్కసారి కుదిపినా ఇలాంటి లాగుడే పడుతుంది. కుడి గూడ జారినవారిని ఎడమచేత్తో నిలువు కడ్డీ పట్టుకోమని మేము చెప్పేది అందుకే.

ఆసనాలలో గోముఖాసనంలో పైనుంచి వెనక్కి వెళ్లే చేయి ఆ అబ్బాయికి వద్దు. చక్రాసనం అసలే వద్దు. పూర్వోత్తానాసనంలో భుజం బరువుతో ఎక్స్‌టెన్షన్‌లోకి వెళ్లి కీలు ముందుభాగం మీద ఒత్తిడి పడుతుంది కాబట్టి అదీ ఆపండి. రెండో వీరభద్రాసనంలో చేయి 90 డిగ్రీల అబ్డక్షన్‌లో ఉన్నా, అరచేయి నేలవైపు ఉంటుంది కనుక చీటీలో రాసిన జోడింపు అందులో లేదు. అయితే చేతులను భుజాల వరుస దాటి వెనక్కి లాగనివ్వకండి. శవాసనంలో చేతులు ఒంటికి కొద్ది దూరంలోనే ఉంచితే ఇబ్బంది ఉండదు. తలకు రెండుపక్కలా పైకి పెట్టి పడుకునే అలవాటుంటే మాన్పించండి. ఈ నిషేధం ఎన్నాళ్లన్నది మాత్రం చీటీ రాసిన వైద్యుడే చెప్పాలి. నెప్పి తగ్గింది కదా అని మీరుగా సడలించవద్దు.

జవాబు: విశ్రాంత అనాటమీ అధ్యాపకుడు, నారాయణగూడ

పై జవాబు బాగుంది. మోచేయి ముందుకు, మోకాలు వెనక్కి ఎందుకు ముడుచుకుంటాయన్న ప్రశ్న మిగిలింది. తొలి సంవత్సరం విద్యార్థులలో బాగా ఆలోచించేవారు అడిగే ప్రశ్న అది, తక్కినవారు బట్టీ పట్టి ఊరుకుంటారు.

దీనికి సమాధానం తల్లి గర్భంలో ఉంది. పిండానికి చేతులు, కాళ్లు మొదట చిన్న తెడ్ల ఆకారంలో పక్కలకు పొడుచుకు వస్తాయి. అప్పుడు నాలుగింటికీ బొటనవేలి అంచు తలవైపే ఉంటుంది. ముడిచే కండరాలు ఏర్పడే ముఖం పొట్టవైపు, చాపే కండరాలు ఏర్పడే ముఖం వీపువైపు ఉంటాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య చేతులు బయటివైపుకు, కాళ్లు లోపలివైపుకు దాదాపు 90 డిగ్రీలు తిరుగుతాయి. దాంతో మోచేయి వెనక్కి, మోకాలిచిప్ప ముందుకు వచ్చి చేరతాయి. సాక్ష్యం కావాలంటే అనటామికల్ పొజిషన్‌లో నిలబడి కిందికి చూసుకోండి: చేతి బొటనవేలు శరీరానికి బయటి అంచున ఉంటుంది, కాలి బొటనవేలు లోపలి అంచున ఉంటుంది. ఒకే అంచున మొదలైన రెండు వేళ్లు, అవయవాలు ఎదురెదురు దిక్కులకు తిరగడం వల్ల ఇలా వేరుపడ్డాయి. కనుక మోకాలిని వెనక్కి ముడవడం, మోచేతిని ముందుకు ముడవడం పుట్టుకలో ఒకే జాతి కదలికలు.

పాదం దగ్గర గందరగోళం కూడా ఇక్కడి నుంచే వచ్చింది. పాదాన్ని పైకి ఎత్తితే కాలి ముందుభాగానికి, పాదానికి మధ్య కోణం తగ్గుతుంది కాబట్టి చూసేవారికి అది ముడవడంలా కనిపిస్తుంది. కానీ ఆ పని చేసే కండరాలు కాలి ముందువైపున, చాపే వర్గంలో ఉంటాయి. కాలి బొటనవేలిని పైకి లేపే కండరం పేరే ఎక్స్‌టెన్సర్ హాలూసిస్ లాంగస్. ఈ తగవు లేకుండా చీలమండ దగ్గర పైకెత్తడాన్ని డార్సిఫ్లెక్షన్, కిందికి వంచడాన్ని ప్లాంటార్‌ఫ్లెక్షన్ అంటారు. మామూలుగా మొదటిది 20 డిగ్రీలు, రెండోది 50 డిగ్రీల వరకు ఉంటాయి. గొంతుక్కూర్చున్నప్పుడు మడమలు నేలకు ఆనక పైకి లేచిపోతున్నాయంటే చాలామందిలో డార్సిఫ్లెక్షన్ తక్కువగా ఉందని అర్థం.

పాదం అడుగుభాగాన్ని లోపలివైపుకు చూపడం ఇన్‌వర్షన్, బయటివైపుకు చూపడం ఎవర్షన్. ఇవి చీలమండ కీలులో కాక దాని కింద ఉండే సబ్‌టేలార్ కీలులో ప్రధానంగా జరుగుతాయి. మన ఫుట్‌పాత్‌ల మీద కాలు బెణకడం సాధారణంగా ప్లాంటార్‌ఫ్లెక్షన్, ఇన్‌వర్షన్ కలిసిన స్థితిలోనే జరుగుతుంది. చీలమండలో ఉండే టేలస్ అనే ఎముక ముందుభాగం వెడల్పుగా, వెనుకభాగం ఇరుకుగా ఉంటుంది. పాదం పైకెత్తినప్పుడు వెడల్పైన భాగం పై ఎముకల మధ్య బిగుసుకుంటుంది, కిందికి వంచినప్పుడు ఇరుకైన భాగం వచ్చి కీలు వదులవుతుంది. మెట్టు దిగుతూనో, గుంతలో అడుగు వేస్తూనో ఉన్నప్పుడు పాదం ఆ వదులు స్థితిలో ఉంటుంది కాబట్టి ఎముకలను కలిపి పట్టి ఉంచే బయటివైపు లిగమెంట్ మీద భారం పడుతుంది.

బొటనవేలికి వద్దాం. మీ చేతిని వెల్లకిలా బల్ల మీద పెట్టి గోళ్లు ఎటు చూస్తున్నాయో గమనించండి. నాలుగు వేళ్ల గోళ్లు బల్లవైపు ఉంటే, బొటనవేలి గోరు పక్కకు చూస్తూ ఉంటుంది. అంటే బొటనవేలు తక్కిన వేళ్లతో పోలిస్తే సుమారు 90 డిగ్రీలు తిరిగి అమరి ఉంది, అందుకే దాని కదలికల తలాలు కూడా తిరిగిపోయాయి. అరచేతి మీదుగా చిటికెన వేలి వైపు పాకితే ఫ్లెక్షన్, బల్లకు సమాంతరంగానే బయటికి వెళ్తే ఎక్స్‌టెన్షన్, పైకప్పు వైపు నిటారుగా లేస్తే అబ్డక్షన్, తిరిగి చూపుడువేలి పక్కకు వచ్చి చేరితే అడ్డక్షన్. మణికట్టు దగ్గర మీడియన్ నాడి నొక్కుకుపోయిందని అనుమానం వచ్చినప్పుడు వైద్యులు ఇదే భంగిమలో బొటనవేలిని పైకి లేపమని, తాము కిందికి నొక్కి దాని బలం చూస్తారు. మీ తరగతిలో వేళ్ల తిమ్మిరి గురించి చెప్పేవారు ఉంటే ఈ పరీక్ష వారికి జరిగే ఉంటుంది.

బొటనవేలి కొన వచ్చి తక్కిన వేళ్ల కొనలను తాకడం ఆపొజిషన్. దీన్ని దగ్గరగా చూడాలంటే లాడ్‌బజార్‌లో గాజులు తొడిగేవారి ముందు కాసేపు నిలబడాలి. బిగుతు గాజును ఎక్కించడానికి వారు తొడిగించుకునే ఆమె బొటనవేలి మొదలును అరచేతిలోకి తోసి, రెండో వైపునుంచి చిటికెన వేలి మెటికను లోపలికి నొక్కి, అరచేతిని దొన్నెలా మడిచేస్తారు. బొటనవేలికి చెందిన, అరచేతిలో ఉండే మెటాకార్పల్ ఎముక అడుగున జీను ఆకారపు కీలు ఉండబట్టి అంత లోపలికి వస్తుంది. ఉంగరపు వేలికి, చిటికెన వేలికి చెందిన ఎముకలు కూడా అడుగున కొంత కదులుతాయి. చూపుడువేలి, నడిమి వేలి ఎముకలు మాత్రం దాదాపు కదలవు కాబట్టి గాజు చివరికి ఇరుక్కునేది ఆ మెటికల దగ్గరే. వేళ్ల అబ్డక్షన్‌కు మధ్యరేఖ శరీరానిది కాదు, నడిమి వేలిది; కాలివేళ్లకైతే బొటనవేలి పక్కనున్న రెండో వేలిది. ఈ ఒక్క మినహాయింపు తెలియక పరీక్షలో మార్కులు పోగొట్టుకునేవారు ప్రతి ఏడాదీ ఉంటారు.

జవాబు: బ్యాడ్మింటన్ శిక్షకుడు, గచ్చిబౌలి

పై ఇద్దరూ ముంజేతిని దాటేశారు కాబట్టి ఆ ముక్క నేను చెబుతాను. మా ఆటలో దెబ్బలన్నీ దాని మీదే ఆధారపడతాయి.

స్మాష్‌కు బలం మణికట్టును కిందికి విరవడం వల్ల వస్తుందని పిల్లలు, వారి తల్లిదండ్రులు, కొందరు శిక్షకులు కూడా అనుకుంటారు. మణికట్టు ముందుకు, వెనక్కు, కొద్దిగా పక్కలకు వంగుతుంది గానీ తనంతట తాను గిర్రున తిరగదు. రాకెట్‌ను తిప్పేది ముంజేయి. ఎడమచేతి వేలిని కుడి మోచేతి మొనమీద పెట్టి, అక్కడి నుంచి చిటికెన వేలి వైపు ఎముక వెంట జరుపుతూ రండి. అది అల్నా. ఇప్పుడు కుడి అరచేతిని వెల్లకిలా, బోర్లా తిప్పండి: అల్నా దాదాపు ఉన్నచోటనే ఉంటుంది, బొటనవేలి వైపున్న రేడియస్ దాని మీదుగా దాటుకుని వెళ్తుంది. అరచేయి బోర్లా పడేది ప్రొనేషన్, వెల్లకిలా తిరిగేది సుపినేషన్. తీర్థం పట్టేటప్పుడు ముంజేయి సుపినేషన్‌లో ఉంటుంది. ఫోర్‌హ్యాండ్ స్మాష్‌లో ముంజేతి ప్రొనేషన్, దానితోపాటు భుజం ఇంటర్నల్ రొటేషన్ రాకెట్‌కు వేగాన్నిస్తాయి. బ్యాక్‌హ్యాండ్‌లో ఇదంతా తిరగబడి సుపినేషన్, ఎక్స్‌టర్నల్ రొటేషన్ అవుతాయి. అజహరుద్దీన్, లక్ష్మణ్ మణికట్టు మాయాజాలం అని మన ఊళ్లో గర్వంగా చెప్పుకునేదానిలో ముంజేతికి రావలసిన వాటా చాలా ఉందని నా అభిప్రాయం.

మేడమ్‌కు పనికొచ్చే మాట ఒకటి: మోచేయి చాచి ఉన్నప్పుడు అరచేతిని తిప్పితే భుజం, ముంజేయి రెండూ కలిసి తిరుగుతాయి, ఏది ఎంత తిరిగిందో చెప్పలేం. అందుకే ముంజేతిని పరీక్షించేటప్పుడు మోచేతిని ఒంటికి ఆనించి 90 డిగ్రీలు ముడిచి ఉంచుతారు. మీరు ‘అరచేతులు పైకి తిప్పండి’ అన్నప్పుడు గూడ జారిన అబ్బాయి ముంజేతితో తిప్పుతున్నాడా, భుజంతో తిప్పుతున్నాడా అన్నది చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. గోముఖాసనం, చక్రాసనం, పూర్వోత్తానాసనం ఆ అబ్బాయికి ఆపించాను. ఇంకో మూడు విషయాలు అడగాలని ఉంది. అర్ధమత్స్యేంద్రాసనంలో మేము ‘నడుము తిప్పండి’ అంటాం; అది నిజంగా నడుములో జరిగే రొటేషనేనా? పద్మాసనం వేస్తే మోకాలిలో నొప్పి వస్తోందని చెప్పేవారికి ఏ కదలిక లోపం? ఉత్కటాసనంలోకి దిగేటప్పుడు తుంటి, మోకాలు ఫ్లెక్షన్‌లోకి వెళ్తున్నాయి కదా, మరి మంట తొడ ముందుభాగంలో, అంటే మోకాలిని చాపే కండరంలో ఎందుకు పుడుతుంది?

జవాబు: ఫిజియోథెరపిస్ట్, సికింద్రాబాద్

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇది తెలియకపోతే చీటీలో ఉన్న పేర్లు తెలిసినా పెద్దగా ఉపయోగం లేదు. కదలిక పేరు కీలు ఎటు వెళ్తోందో చెబుతుంది, ఏ కండరం పనిచేస్తోందో చెప్పదు. ఉత్కటాసనంలోకి దిగుతున్నప్పుడు మిమ్మల్ని కిందికి లాగేది శరీర బరువు. మోకాలిని ముడవడానికి కండరం అవసరమే లేదు. కుప్పకూలకుండా ఆపడానికి మోకాలిని చాపే క్వాడ్రిసెప్స్, తుంటిని చాపే గ్లూటియస్ మాక్సిమస్ బిగిసి, పొడవు పెరుగుతూనే బరువును మోస్తాయి. దీన్ని ఎక్సెంట్రిక్ పని అంటారు. పైకి లేచేటప్పుడు అవే కండరాలు పొట్టిబడుతూ కన్సెంట్రిక్‌గా పనిచేస్తాయి. మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టమని మోకాలినొప్పి ఉన్న పెద్దవారు చెప్పడంలో ఈ ఎక్సెంట్రిక్ భారానికి పాత్ర ఉంది. అదే మోకాలిని బోర్లా పడుకుని ముడిస్తే పరిస్థితి వేరు. అక్కడ పిక్కను బరువుకు ఎదురుగా పైకి ఎత్తాలి కనుక పనిచేసేది తొడ వెనుక ఉన్న హామ్‌స్ట్రింగ్స్. రెండుచోట్లా పేరు మోకాలి ఫ్లెక్షనే. కాబట్టి ఎవరైనా ‘ఫలానా కండరానికి శ్రమ ఇవ్వవద్దు’ అన్న చీటీ తెస్తే, కదలికతో పాటు బరువు ఎటు లాగుతోందో కూడా చూడాలి.

అర్ధమత్స్యేంద్రాసనంలో తిరిగేది నడుము కాదు. నడుములోని ఐదు వెన్నుపూసల కీళ్ల ముఖాలు దాదాపు ముందు-వెనుకల దిశగా నిలబడి ఉంటాయి; అవి వంగడానికి, లేవడానికి దారి ఇస్తాయి గానీ తిరగబోతే ఒకదానికొకటి అడ్డుపడతాయి. అందువల్ల అక్కడ ఒక వైపుకు మొత్తంగా 5 నుంచి 10 డిగ్రీల రొటేషన్ మించి ఉండదు. ఛాతీ వెనుక ఉన్న పన్నెండు వెన్నుపూసలలో దాదాపు 30 నుంచి 35 డిగ్రీలు వస్తుంది, మిగిలినది మెడ, తుంటి కలిసి పూరిస్తాయి. విద్యార్థి చేతిని మీటలా మోకాలికి అడ్డుపెట్టి బలవంతంగా తిప్పుకుంటే ఆ ఒత్తిడి నడుము కీళ్ల మీద పడుతుంది. ముందు వెన్నును నిలువుగా సాగదీయించి, ఆ తర్వాత రొమ్ము భాగాన్ని తిప్పమని చెప్పండి.

పద్మాసనంలో తొడ మూడు పనులు చేయాలి: ఫ్లెక్షన్, అబ్డక్షన్, ఎక్స్‌టర్నల్ రొటేషన్. బాసింపట్టు వేసుకున్నా ఇవే, తక్కువ మోతాదులో. సార్టోరియస్ అనే పొడవాటి కండరం ఈ మూడింటితో పాటు మోకాలి ఫ్లెక్షన్‌కు కూడా సాయపడుతుంది. తుంటిలో ఎక్స్‌టర్నల్ రొటేషన్ చాలకపోతే పాదాన్ని తొడ మీదికి లాగే మనిషి ఆ కొరతను మోకాలి నుంచి వసూలు చేస్తాడు. మోకాలు ముడిచి ఉన్నప్పుడు కొంత రొటేషన్‌ను అనుమతిస్తుంది. పూర్తిగా చాచినప్పుడు తాళం పడినట్టు బిగుసుకుపోయి తిరగదు. ముడిచి ఉన్న ఆ స్థితిలో పరిమితిని మించి మెలి పడితే లోపలి మెనిస్కస్, అంటే మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి, నలుగుతుంది. కాబట్టి లోపం కనిపించేది మోకాలిలో, ఉన్నది తుంటిలో. కూర్చోబెట్టి రెండు పాదాలూ కలిపి బద్ధకోణాసనం వేయించండి. మోకాళ్లు నేలకు చాలా ఎత్తులో ఆగిపోయేవారికి పద్మాసనం ప్రయత్నం వద్దు, సుఖాసనం కింద దుప్పటి మడత పెడితే చాలు.

మోకాలి లెక్కలో మనకు ఇంకొక చిక్కు ఉంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆర్థోపెడిక్ సర్జన్స్ 1965లో ప్రచురించిన కొలతల పుస్తకం నుంచి వస్తున్న పట్టికలలో మోకాలి ఫ్లెక్షన్ 135 డిగ్రీలు మామూలు. గొంతుక్కూర్చోవడానికి, వజ్రాసనానికి అది చాలదు, 150 దాకా కావాలి. నేల మీద కూర్చుని పెరిగినవారికి అది మామూలుగానే ఉంటుంది. మోకాలి మార్పిడి శస్త్రచికిత్స తర్వాత చాలామందికి 110 నుంచి 120 వరకు వస్తుంది; కుర్చీకి, మెట్లకు అది సరిపోతుంది. వారిని వజ్రాసనంలో కూర్చోబెట్టవద్దు.

జవాబు: పాఠకుడు, ఉప్పల్

చర్చ బాగుంది. మనవాళ్లు సరేనన్నప్పుడు తలను అటూ ఇటూ ఊపుతారే, అది ఏ కదలిక?

జవాబు: విశ్రాంత అనాటమీ అధ్యాపకుడు, నారాయణగూడ

అది ప్రధానంగా కరోనల్ తలంలో జరిగే లాటరల్ ఫ్లెక్షన్. మెడ పక్కకు వంగినప్పుడు కింది వెన్నుపూసలు అదే వైపుకు కొద్దిగా తిరుగుతాయి కూడా, అందుకే అది వట్టి ఊపులా కాక చిన్న మెలికతో కనిపిస్తుంది. కిందికీ పైకీ తలాడించడం పుర్రెకు, మొదటి వెన్నుపూసకు మధ్య మొదలవుతుంది. కాదన్నట్టు అడ్డంగా తిప్పడం మొదటి, రెండో వెన్నుపూసల మధ్య ఎక్కువగా జరుగుతుంది. మెడ ఒక వైపుకు సుమారు 80 డిగ్రీలు తిరిగితే అందులో సగం ఆ ఒక్క కీలుదే.

మెడ ప్రస్తావన వచ్చింది కనుక మేడమ్‌కు ఒక మాట. సర్వాంగాసనం, హలాసనాలలో మెడ పూర్తి ఫ్లెక్షన్‌కు వెళ్లి, దాని మీద శరీర బరువులో పెద్ద భాగం పడుతుంది. రోజంతా తెర ముందు మెడ వంచి కూర్చుని, సాయంత్రం మీ దగ్గరకు వచ్చేవారికి అదే దిశలో ఇంకా ఒత్తిడి పెట్టడం నాకు ఇష్టం ఉండదు. తప్పదనుకుంటే భుజాల కింద మందంగా మడిచిన దుప్పట్లు వేసి, తలను వాటి అంచు దాటి నేల మీద ఉంచండి. మెడ వంగవలసిన కోణం తగ్గుతుంది. ఆసనంలో ఉండగా తల పక్కకు తిప్పి పక్కవారిని చూడనివ్వకండి.